చందా అక్క ఆదివారాలు

చిరిగిన ప్యాంటు కుట్టడానికి ఇచ్చిన మనిషి ఎక్కడికీ పారిపోలేడు. ఈ సంగతి మొదట కనిపెట్టినవాడు బేకరీ అన్నయ్య. కొండ సైకిళ్ళ సంఘానికి అప్పట్లో అధ్యక్షుడూ అతనే, కోశాధికారీ అతనే, సంఘానికున్న ఒకే ఒక్క గునపానికి కాపలాదారూ అతనే. చందా అడిగితే సభ్యులు నీళ్ళు నమిలేవారు. వీధిలో ఎదురైతే మొహం చాటేసేవారు. రేపంటూ, ఎల్లుండంటూ తిప్పించుకుని అతని తలప్రాణం తోకకు తెచ్చేవారు. అదే మనుషులు కొండ దిగగానే తిన్నగా ఎక్కడికి వెళ్తున్నారో అతను గమనించాడు. రైలు గేటు పక్క సందులో, మెట్ల కింద ఇరుకు కొట్లో, కుట్టుమిషను ముందు కూర్చుని ఉండే ఆవిడ దగ్గరికి.

ఒకరోజు మోచేతి దగ్గర చిరిగిన చొక్కా పట్టుకుని తనే వెళ్ళాడు.

"చెల్లెమ్మా, ఒక సాయం చెయ్యాలి నువ్వు. మావాళ్ళ బట్టలన్నీ నీ దగ్గరికే వస్తాయి కదా. చందా కడితేగానీ తిరిగి ఇవ్వకు."

ఆవిడ పళ్ళ మధ్య పట్టుకున్న సూది తీసి అతని వంక చూసింది. "మధ్యలో నాకేంటి లాభం?"

"నీకేం లాభం ఉంటుంది? ఇన్నాళ్ళూ నేను తిన్న తిట్లు ఇకమీదట నువ్వు తింటావు. అంతే."

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఒప్పుకుంది. కొందరి బతుకులు ఇలా నవ్వులాటలోనే మలుపు తిరుగుతాయి. వాళ్ళకి ఆ సంగతి చాలా ఏళ్ళ తర్వాతగానీ తెలియదు.

మొదట దొరికిపోయినవాడు లెక్కల మాస్టారు. మర్నాడు స్కూలుకు పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడు, ఉన్న ఒక్క మంచి ప్యాంటూ ఈవిడ దగ్గర చిక్కుకుంది. "ఇది అన్యాయం!" అని మాస్టారు ఒంటికాలి మీద లేచాడు. "అన్యాయం కాదు మాస్టారూ, చందా" అంది ఆవిడ, మిషను ఆపకుండానే. మాస్టారు సణుక్కుంటూ కట్టాడు. వారం తిరక్కుండా ఈ కథ సైకిళ్ళవాళ్ళందరికీ పాకిపోయింది, ఆవిడకు చందా అక్క అన్న పేరు స్థిరపడిపోయింది. అక్క అనడానికి అప్పుడావిడ వయసెంతని! ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. ఇప్పుడు ఆవిడ జుట్టు పూర్తిగా నెరిసింది. మనవళ్ళ వయసువాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు.

ఆ కొండ ఒకప్పుడు రాళ్ళ క్వారీ. పనికొచ్చే రాయి అయిపోయాక యజమాని దాన్ని అలాగే వదిలేశాడు. లారీలు తిరిగిన దారికి వెనకవైపు, పొదల మధ్య నుంచి, కుర్రకారు సైకిళ్ళ మీద దడదడా దిగడం మొదలుపెట్టారు. క్వారీ పెద్దాయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఒకసారి కారు దిగి వచ్చి, "పడి చావకండ్రా!" అని దీవించి వెళ్ళాడట. సంఘానికి దొరికిన అనుమతిపత్రం అదొక్కటే.

కొండ బాట ఒకసారి వేస్తే ఉండిపోయేది కాదు. ప్రతి వానా దాన్ని కోసుకుపోతుంది. నీళ్ళు బాట వెంబడి పరుగెత్తకుండా పక్కకు జారిపోయేలా నేలను ఏటవాలుగా చెక్కాలి. గండి దగ్గర చెక్క వంతెనకు పలకలు మార్చాలి. గునపాలు, తట్టలు, మందుల పెట్టె, వీటన్నిటికీ డబ్బు కావాలి. ఆ డబ్బంతా చందాల నుంచే రావాలి. కట్టలేనివాడు వాన వెలిసిన మర్నాడు కొండ మీద ఒక పూట మట్టిపని చేస్తే చాలు, అదే చందా కింద లెక్క. ఈ పద్ధతి పెట్టింది చందా అక్కే. సైకిలు దుకాణంలో పనిచేసే మనిషి ఒకడు జీతం అందక తలొంచుకుని నిలబడితే, ఆవిడకు మనసొప్పక, "డబ్బు లేకపోతే చేతుల్లేవా? వెళ్ళి మట్టి తవ్వు" అని కసిరింది. అతను తవ్వాడు. అదే రివాజైపోయింది.

తమాషా ఏమిటంటే, ఆ కొండ ఎక్కి ఎరగని చందా అక్కకు ఆ బాట అణువణువూ తెలుసు. ఆవిడకూ సైకిలుంది. ముందు బుట్ట, వెనక సీటు ఉన్న చదును నేల సైకిలు. అది స్పీడు బ్రేకరు ఎక్కడానికే మూలుగుతుంది. కానీ బట్ట ఎక్కడ చిరిగిందో చూస్తే మనిషి ఎక్కడ పడ్డాడో చెప్పేసేది. ఎడమ మోకాలు చిరిగితే పై మలుపు. కుడి జేబు ఊడితే పెద్ద రాయి. చొక్కా వీపున సన్నగా గీతలు పడితే ముళ్ళ పొదల ఇరుకు. అలా మోకాలి మలుపు, జేబురాయి అని ఆవిడ పెట్టిన పేర్లే సైకిళ్ళవాళ్ళ నోళ్ళలో నిలిచాయి. ఎక్కడో దూరం నుంచి వచ్చిన కొత్తవాళ్ళు కూడా, "జేబురాయి దగ్గర జాగ్రత్త" అని ఒకరికొకరు చెప్పుకునేవారు.

సంఘం పెరిగింది. సభ్యుల్లో జాగ్రత్తపరులు కూడా చేరారు. వాళ్ళు పడరు, వాళ్ళ బట్టలు చిరగవు, అందుచేత కొట్టుకు రారు. వాళ్ళ కోసం చందా అక్క ఆదివారం పొద్దున్నే తన మూలిగే సైకిలు తీసి ఇళ్ళకే బయల్దేరేది. కాలికి బలపం కట్టుకున్నట్టు వీధులన్నీ చుట్టేది. చందా తీసుకోవడం ఎంతసేపు? గడపలో నిలబడి చెయ్యి చాపితే అయిపోయే పని. ఆవిడకు మాత్రం మధ్యాహ్నం దాటేది.

ఎందుకు దాటదు? మాస్టారింట్లో టీ. మోకాళ్ళు అరిగి ఆయన సైకిలెక్కడం మానేసినా చందా మానలేదు. "ఈ వారం ఎవరు పడ్డారు?" అని ఆత్రంగా అడిగేవాడు. ఎవరూ పడలేదంటే పాపం చిన్నబుచ్చుకునేవాడు. రంగుల దుకాణం వాళ్ళింట్లో మొగుడూ పెళ్ళాలకు మాటల్లేవు. "చందా ఆయన్నడగండి" అని భార్య, "పర్సు దాని దగ్గరే ఉందని చెప్పండి" అని ఆయన, ఇద్దరూ చందా అక్క మొహంలోకే చూస్తూ మాట్లాడుకునేవారు. ఒక ఏడాది అలా మధ్యవర్తిత్వం నడిచి, చివరికి ఒక ఆదివారం ఇద్దరూ కలిసి ఆవిడ మీద విరుచుకుపడ్డారు, చందా పెంచారెందుకని. వాళ్ళు ఒక్కటయ్యారన్న సంతోషంలో ఆవిడ ఆ వారం వాళ్ళ చందా కూడా తీసుకోలేదు. ఇంకో ఇంట్లో పసిపిల్ల మొదటి అడుగు వేసింది ఈవిడ ముందే. ఆ పిల్లే ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు. అంతేకాదు, సంఘానికి కార్యదర్శి కూడా.

చందా అక్క భర్తకు మాత్రం ఈ సైకిళ్ళ గోల బొత్తిగా గిట్టేది కాదు. ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసి రిటైరయ్యాడు. ఆరు రోజులు మిషను చప్పుడు విన్న మనిషి ఏడో రోజు ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలనుకునేవాడు. ఉండేది కూడా, భార్య ఇంట్లో లేదు కాబట్టి. "నీకు జీతమా, భత్యమా? ఆ దుమ్ముగాళ్ళ కోసం ఎండనపడి తిరుగుతావు" అని దెప్పేవాడు. ఆవిడ చెవిన వేసుకునేది కాదు. ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టేది. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని వినేవాడు. పేజీ తిప్పడం మరిచిపోయి మరీ వినేవాడు.

ఆ రోజులు ఎంత బాగుండేవో! అప్పుడు బాగున్నాయని ఆవిడకు తెలియదు. వేడి వేడి టీ గొంతు కాలుతుంటే, "ఇంకా ఎన్నిళ్ళు తిరగాలి దేవుడా" అనుకుంటూ తాగేసేది.

క్వారీ పెద్దాయన పోయాడు. కొండ ఆయన కొడుకు చేతికొచ్చింది. కొడుకు చెడ్డవాడేం కాదు, భయస్తుడు. ఎవరైనా పడి కాలు విరిగితే కోర్టు మెట్లు ఎక్కాల్సింది తనేనని అతని బెంగ. బీమా ఉంటేనే కొండ మీదికి రానిస్తానన్నాడు. చిన్న సంఘాలకు బీమా ఎవరిస్తారు? రాజధానిలోని పెద్ద సైకిళ్ళ సమాఖ్యలో చేరితే వాళ్ళే ఇస్తారు, బాట మరమ్మతుకూ ఏటా ఇంతని పంపుతారు. కాకపోతే ఒక షరతు. సభ్యులందరూ చందా ఫోన్లోంచి నేరుగా సమాఖ్యకే కట్టాలి.

నర్సమ్మాయి ఈ కబురు చెప్పడానికి కొట్టుకు వచ్చింది. పిల్ల మనసు మంచిది, అందుకే మాట మెత్తగా చెప్పాలనుకుంది.

"ఇంక మీరు ఇల్లిల్లూ తిరగక్కర్లేదక్కా. ఈ వయసులో ఎండలో ఎందుకు? హాయిగా రెస్టు తీసుకోండి."

రెస్టు! ఆ మాట చందా అక్క గుండెలో గుచ్చుకుంది. పైకి, "అలాగేనమ్మా" అంది. లోపల భగ్గుమంది. ఆ వారం నుంచి కొట్టుకొచ్చిన ప్రతివాడికీ గుండీ కుడుతూనే నూరిపోసింది. మన కొండ, మన మట్టి, మన చెమట, పెత్తనం మాత్రం వాళ్ళదా? రేపు రాజధానిలో కూర్చుని జేబురాయి తీసెయ్యమంటే తీసేస్తారా? మాటలు బాగా పనిచేశాయి. లెక్కల మాస్టారైతే పూర్తిగా ఆవిడ పక్షం చేరిపోయాడు. "ఆ క్వారీ కుర్రాడివన్నీ ఉత్త బెదిరింపులక్కా. ఇన్నేళ్ళ దారిని ఎవడు మూస్తాడు?" అన్నాడు.

భర్త ఒక్కడే ఆ మాటలు నమ్మలేదు. పేపరు దించి, "నీ బాధ కొండ గురించి కాదే. ఆదివారం గురించి" అన్నాడు.

ఆవిడ కయ్యిమంది. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. నిజం చెప్పినవాడి మీద వచ్చినంత కోపం అబద్ధం చెప్పినవాడి మీద రాదు కదా.

మీటింగు బేకరీ వెనక గదిలో పెట్టారు. పొయ్యి ఆరిన మధ్యాహ్నం వేళ. పిండి బస్తాల మీద కొందరు, తిరగేసిన ట్రేల మీద కొందరు కూర్చున్నారు. గదంతా కాలిన పంచదార వాసన. చందా అక్కకు ఎప్పటిలాగే ఉన్న ఒక్క కుర్చీ ఇచ్చారు.

నర్సమ్మాయి లేచి చెప్పాల్సిందంతా చెప్పింది. చివర్లో ఇంకో మాట చేర్చింది. "పొద్దున డ్యూటీ నుంచి వస్తూ కొండ వైపు వెళ్ళాను. గేటుకు గొలుసు కట్టేశారు. తాళం వెయ్యలేదు, అంతే. మనం కాదంటే రేపే వేసేస్తారట."

"గొలుసు చూపించి భయపెడుతున్నాడు" అన్నాడు మాస్టారు.

"భయపెట్టేవాడు గేటు పక్కన గోడ కూడా లేపుతాడా సార్? ఇటుకలు దింపేశారు. నేను కళ్ళారా చూశాను."

ఇటుకల సంగతి చందా అక్కకూ కొత్తే. అయినా పట్టిన పట్టు విడవాలనిపించలేదు.

బేకరీ అన్నయ్య ముసలివాడైపోయాడు, అయినా అధ్యక్ష పదవి ఎవరూ పుచ్చుకోక అతనికే మిగిలింది. "సరే. చేరదామనేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు. ముందు తన చెయ్యే ఎత్తాడు, చందా అక్క వైపు చూడకుండా. నర్సమ్మాయి లెక్కపెట్టింది. "వద్దనేవాళ్ళు?" ఈసారి మాస్టారు చెయ్యి నిటారుగా లేచింది. వెనకే ఒక్కొక్కటీ లేచాయి. చందా అక్క కూడా ఎత్తింది.

"సమానం" అంది నర్సమ్మాయి నీరసంగా. సమానమైతే తీర్మానం వీగిపోయినట్టే. మాస్టారు మొహం వెలిగిపోయింది.

చందా అక్కకు ఒక అలవాటుంది. ఏ మీటింగులో అయినా చేతులు లేస్తే చాలు, ఆవిడ కళ్ళు వాటి మీదుగా ఒక చుట్టు తిరిగొస్తాయి. ఇతను కట్టాడు, ఇతను కట్టాడు, ఇతను మట్టిపని చేశాడు. చందా బాకీ ఉన్న చెయ్యి కనబడితే చాలు, "దించు నాయనా" అనేది. అందరూ నవ్వేవారు, ఆ చెయ్యి దిగిపోయేది. ఇప్పుడూ కళ్ళు వాటంతట అవే తిరిగాయి. మాస్టారు కట్టాడు. రంగుల దుకాణం ఆయన కట్టాడు. ఆయన పక్కనున్నతను పోయిన నెల గండి దగ్గర పలకలు మోశాడు. అందరూ సక్రమమే. చూపు అలా అలా వచ్చి కుర్చీ దగ్గర, పైకెత్తి ఉన్న తన సొంత చేతి మీద ఆగింది.

ఇది ఎప్పుడు కట్టింది?

ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. కట్టి ఉంటేగా గుర్తుకొచ్చేది! ఇన్నేళ్ళూ అందరి గడపలూ తనే తొక్కింది. తన గడపలోకి వచ్చి చందా ఇమ్మని ఎవరడుగుతారు? అడగాల్సిన మనిషి తనే. ఎవరికీ తోచలేదు, తనకూ తోచలేదు. ఈ సంఘంలో అందరికన్నా పాత మనిషి అసలు సంఘంలోనే లేదు.

చెయ్యి అలాగే గాల్లో ఉంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. గదిలో ఒక్కరికీ అనుమానం రాదు, వచ్చినా ఆవిణ్ణి అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఊరుకుంటే ఆదివారాలు ఆవిడకే ఉండిపోతాయి. కానీ గేటు పక్కన దింపిన ఇటుకలు కళ్ళ ముందు కనబడుతున్నాయి. కొండే మూసేశాక ఏ ఇంటికి వెళ్ళి ఏమని అడుగుతుంది? ఎదురుగా నర్సమ్మాయి తల దించుకుని, కన్నీళ్ళు ఆపుకోవడానికి కాబోలు, పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది.

"అన్నయ్యా" అంది చందా అక్క. "నా చెయ్యి లెక్కలోకి రాదు."

"అదేంటమ్మా?"

"నేను చందా కట్టలేదు. ఈసారని కాదు, ఎప్పుడూ కట్టలేదు. నేను మెంబర్ని కాను."

ముందు ఎవరో నవ్వారు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. బేకరీ అన్నయ్య లేచి నిలబడ్డాడు. "నువ్వు మెంబరువి కాకపోతే మేమెవరం? అవేం మాటలు? అమ్మాయ్, అక్క చెయ్యి కలుపు. నేను చెప్తున్నాను, కలుపు!"

చేరుదామని చెయ్యెత్తినవాళ్ళు కూడా, "కలపాల్సిందే" అన్నారు. ఓడిపోతామని తెలిసీ అన్నారు.

"పద్ధతి పద్ధతే. మీ అందరి చేతులూ దింపించాను, నాది దింపనా?" అంది ఆవిడ. అని, చెయ్యి దించేసి ఒళ్ళో పెట్టుకుంది.

"ముంచేశావు కదక్కా!" అన్నాడు మాస్టారు. ఆయన కోపంగా అనలేదు. ఒక్క చెయ్యి తేడాతో సంఘం సమాఖ్యలో చేరింది.

గేటు తెరుచుకుంది. ఇటుకలు వేరే పనికి వెళ్ళిపోయాయి. సమాఖ్య నుంచి కొత్త గునపాలొచ్చాయి, బాట పక్కన బోర్డులొచ్చాయి. జేబురాయి పేరు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారని కొట్టుకొచ్చినవాళ్ళు చెప్పారు. చందా అక్క సంతోషించింది. నిజంగానే సంతోషించింది. ఆదివారం పొద్దున మాత్రం ఏం చెయ్యాలో తోచేది కాదు. గుండీల డబ్బాలు బోర్లించి రంగుల వారీగా సర్దేది, మళ్ళీ కలిపేసి సైజుల వారీగా సర్దేది. ఇంట్లో చెప్పడానికి కబుర్లు లేవు. ఆయన పేపరు తొందరగా అయిపోయేది. ఆయనకు కావాలనుకున్న నిశ్శబ్దం ఇన్నేళ్ళకు దొరికింది, కానీ ఆయనకది ఏమీ బాగున్నట్టు లేదు.

అలా కొన్ని ఆదివారాలు గడిచాక ఒక ఉదయం తలుపు చప్పుడైంది. ఆయన వెళ్ళి తీసి, లోపలికి తల తిప్పి కేకేశాడు.

"ఏమేవ్, నీకోసమే. చందా అట!"

ఆవిడ గుండీలు పట్టుకునే బయటికొచ్చింది. గడప అవతల బేకరీ అన్నయ్య, ఇస్త్రీ చొక్కాలో. పక్కన నర్సమ్మాయి. ఇద్దరూ పరాయి ఇంటికొచ్చినట్టు బిగుసుకుని నిలబడ్డారు.

"చందా కోసం వచ్చామక్కా" అంది నర్సమ్మాయి. "కొత్త మెంబర్ని చేర్చుకోవాలని."

"ఫోన్లో కట్టాలన్నారుగా?"

"కట్టేవాళ్ళు ఫోన్లోనే కడతారు. నిన్ను అడగాలంటే మనిషే రావాలి కదమ్మా" అన్నాడు బేకరీ అన్నయ్య. "చాలా ఆలస్యమైంది. మమ్మల్ని తిట్టు, పడతాం."

చందా అక్క తిట్టలేదు. "ఉండండి" అని లోపలికెళ్ళి, బీరువా తలుపు తీసి, దాని వెనక నిలబడి ఏడ్చింది. తనను ఎవరైనా వచ్చి అడిగితే ఎలా ఉంటుందో ఆవిడకు ఈ రోజు తెలిసింది. కళ్ళు తుడుచుకుని, నోటు మడిచి గుప్పిట్లో పెట్టుకుని వచ్చేసరికి వాళ్ళు ఇంకా గడపలోనే ఉన్నారు.

"అలా నిలబడే పోతారా ఏమిటి? రండి, కూర్చోండి."

కూర్చున్నారు. ఆయన పేపరు మడిచేసి టీ పెట్టడానికి లేచాడు. ఆ ఇంట్లో ఇది చెప్పుకోదగ్గ వింత. ఈ వారం ఎవరు పడ్డారని ఆవిడ అడిగింది. మోకాలి మలుపు దగ్గర రంగుల దుకాణం ఆయన కూతురు పడిందట. వాళ్ళమ్మా నాన్నా ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చి, నీవల్లే అంటే నీవల్లేనని వార్డంతా వినబడేలా పోట్లాడుకున్నారట. నర్సమ్మాయి ఇద్దరినీ అనుకరించి చూపిస్తుంటే బేకరీ అన్నయ్యకు టీ పొరబోయింది. గలగలమని ఇల్లంతా నవ్వులు. మాటల మీద మాటలొచ్చి ఎండ నడినెత్తికెక్కింది. నర్సమ్మాయికి డ్యూటీ గుర్తొచ్చి హడావిడిగా లేచింది. అన్నయ్య చెప్పులు వెతుక్కున్నాడు. ఇద్దరూ సైకిళ్ళెక్కి వీధి మలుపు దాకా వెళ్ళిపోయారు.

తలుపు వెయ్యబోతూ చందా అక్క గుప్పిట విప్పింది. నోటు అలాగే ఉంది, చెమటకు మెత్తబడి.

"అయ్యో, ఇవ్వనే లేదా? వాళ్ళు వచ్చిన పనే అది కదా!" అన్నాడాయన. "ఉండు, ఇంకా కనబడుతున్నారు. కేకెయ్యనా?"

"వద్దు వద్దు" అంది ఆవిడ, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని. "వచ్చే ఆదివారం మళ్ళీ రానివ్వండి."